నియామకాలు చదివిన రోజు

పోయిన నెల మా గుడి కుర్రాళ్లు ముగ్గురు ఇంటికి వచ్చారు. సంఘ చరిత్ర పుస్తకం వేస్తున్నారట. పాతవాళ్లలో ఇంకా నోరు బాగా పనిచేస్తున్నది నాకొక్కదానికేనని ఎవరో చెప్పి పంపించారు. చాయ్ తాగి, బిస్కెట్లు తిని, సంచిలోంచి ఒక పాత మినిట్స్ పుస్తకం తీశారు. అందులో ఒక ఏటి పాస్టర్ల నియామకాల జాబితా ఉంది. మా గుడికి ఎదురుగా మా నాయన పేరు రాసి, అడ్డంగా గీత కొట్టి, పైన ఇంకొకాయన పేరు రాశారు.

"గీ పేరు ఎందుకు కొట్టేసిన్రు అమ్మమ్మా? మీకేమన్న యాదికున్నదా?" అని అడిగాడు కళ్లద్దాల కుర్రాడు.

"లేదు బిడ్డా. చిన్నదాన్ని గద" అన్నాను.

బతుకంతా పిల్లలకు పాఠాలు చెప్పి, అబద్ధమాడిన వాళ్లను బెంచీ ఎక్కించినదాన్ని. వాళ్లు వెళ్లిపోయాక అన్నం సహించలేదు. అందుకే ఇది రాస్తున్నాను. వాళ్ల పుస్తకంలో వేసుకుంటే వేసుకుంటారు, లేకపోతే నా బల్ల సొరుగులో ఉంటుంది.

మెథడిస్టు పాస్టరుకు సొంత ఊరంటూ ఉండదని ఈ కాలం వాళ్లకు తెలుసో లేదో. ఆ రోజుల్లో ప్రతి చలికాలంలో కాన్ఫరెన్సు జరిగేది. చుట్టుపక్కల జిల్లాల పాస్టర్లందరూ వచ్చేవారు. నాలుగు రోజులు పాటలు, ప్రసంగాలు, వాదనలు. ఆఖరిరోజు బిషప్ దొరగారు లేచి నిలబడి, ఏ పాస్టరు ఏ ఊరికో జాబితా చదివేవారు. ఆ నిమిషం దాకా ఎవరికీ తెలియదు. చదివాక మారు మాట్లాడకూడదు. ఇంటికి పోయి పెట్టె కట్టుకోవడమే. అందుకే కాన్ఫరెన్సు దగ్గరపడుతుంటే పాస్టరమ్మలు కొత్త కుండ కొనేవారు కాదు, కోడిని పొదగేసేవారు కాదు. పిల్లలు బయటికి వచ్చేసరికి ఆ కోడి ఎవరి చేతిలో ఉంటుందో ఎవరికి తెలుసు?

నాకు తొమ్మిదేళ్లు వచ్చేసరికి నాలుగు ఊళ్లు, నాలుగు బడులు అయ్యాయి. ప్రతి ఊళ్లో ఎలాగో ఒక జట్టు కుదిరేది. జట్టు గట్టిపడే వేళకు బండి కట్టేవాళ్లం. ఉత్తరం రాస్తానని ఆ పిల్ల అనేది, రాస్తానని నేనూ అనేదాన్ని. ఇద్దరికీ ఒత్తులే సరిగా రావు, ఇక ఉత్తరాలెక్కడివి! అలా తిరిగి తిరిగి ఆబిడ్స్‌కు వచ్చాం.

ఆబిడ్స్ చూసి నాకు మతిపోయింది. గుడి వెనకవైపు నుంచి నాంపల్లి స్టేషన్ కూతలు వినిపించేవి. ముందు రోడ్డు మీద జట్కాలు, మోటార్లు, సైకిళ్ల మీద రూమీ టోపీల బాబులు. మూలమీద ఇరానీ హోటల్ ముందు నుంచి పోతుంటే మరిగిన పాల వాసన, కాలిన రొట్టె వాసన కలిసి వచ్చేవి. అమ్మ చెయ్యి పట్టుకొని నేను అక్కడికి రాగానే నడక తగ్గించేదాన్ని. "ముక్కుతోని తిన్నది చాలు, నడువ్" అనేది అమ్మ.

పాస్టరు ఇల్లు గుడి ఆవరణలోనే. రెండు గదులు, వెనక వంటిల్లు. మంచం, బల్ల, బీరువా, ఆఖరికి నీళ్ల తొట్టి మీద కూడా తెల్లరంగుతో సంఘం అక్షరాలు రాసి ఉండేవి. మావి అని చెప్పుకోవడానికి రెండు రేకు పెట్టెలు, అమ్మ కుట్టుమిషను, నాయన పుస్తకాలు.

ఆదివారం పొద్దున ఇంగ్లీషు ఆరాధన జరిగేది. తెలుగు ఆరాధన మధ్యాహ్నం. ఎందుకంటే మా సంఘంలో సగం మంది దొరల ఇళ్లలో వంటవాళ్లు, ఆయాలు. దొరలు గుడి నుంచి ఇంటికి పోయి భోజనం చేశాక గానీ వీళ్లకు తీరిక దొరకదు. మిగతావాళ్లు రైల్వే పనివాళ్లు, నర్సులు, ఒక కంపౌండరు, ఇద్దరు ముగ్గురు పంతుళ్లు. చాపలు పరిచి కూర్చునేవాళ్లం, మగవాళ్లు ఆ పక్క, ఆడవాళ్లు ఈ పక్క. వంటవాళ్ల దగ్గర ఉల్లిగడ్డ వాసన, ఆయాల కొంగుల్లో పసిపిల్లల పౌడరు వాసన, రైల్వే వాళ్ల దగ్గర బొగ్గు వాసన. తబలా, తాళాలు మొదలైతే పైకప్పు లేచిపోయేది.

నాయన కళ్లు మూసుకొని ప్రార్థన మొదలుపెడితే ఒక పట్టాన ఆపేవారు కాదు. ఒకసారి ఆ ప్రార్థనలో నేను ముందున్న ఇద్దరు ముసలి ఆయాల కొంగులు కలిపి ముడి వేశాను. ఆమెన్ అని ఒకామె లేవగానే రెండో ఆమె వెల్లకిలా పడింది. గుడంతా నవ్వు. పడినామె లేచి నా చెవి పట్టుకుంది.

"అయ్యగారి బిడ్డవా, అంగడి బిడ్డవా?"

చెవి మండింది గానీ నాకు లోపల సంతోషంగానే ఉంది. నన్ను ఎవరైనా ముట్టుకోవడమే అరుదు. తోటిపిల్లలు నేను దగ్గరికి పోతే ఆట ఆపేసి, చేతులు కట్టుకొని నిలబడేవారు. "నువ్వు అయ్యగారికి చెప్తవు" అనేవారు. నేనెవరికీ ఏమీ చెప్పేదాన్ని కాదు. చెప్పనని ఒట్టు వేసినా నమ్మేవారు కాదు. ఆరాధన అయ్యాక అందరూ వాళ్ల వాళ్ల ఇళ్లకు పోయేవారు. చాపలు చుట్టడం నా పని. చుట్టిన చాపల మీద కూర్చొని, గేటు బయట పోయే జట్కాలను చూస్తూ నాలో నేను మాట్లాడుకునేదాన్ని. ఆ వయసులో అంత ఒంటరిగా ఉండకూడదు ఎవరూ.

అక్కడికి వచ్చిన రెండో ఏడు అమ్మ నీళ్లోసుకుంది. నా తర్వాత ఇద్దరు పుట్టి పోయారు, ఇద్దరూ పల్లెల్లోనే, మంత్రసాని చేతుల్లో. ఈసారి అమ్మ నన్ను వెంటబెట్టుకొని జట్కాలో ఆడవాళ్ల దవాఖానకు పోయింది. డాక్టరమ్మ లావుపాటి మనిషి, గొంతు పెద్దది. అమ్మ చెయ్యి పట్టుకొని కళ్లలోకి చూస్తూ చెప్పింది.

"ఈ కాన్పు ఈడనే కావాలె, నా చేతుల మీద. ఊరు దాటి పోయినవంటే బిడ్డ దక్కుతదని నేను చెప్పలేను. మీ ఆయనకు చెప్పు."

అమ్మ ఆ సాయంత్రం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నాయనకు ఆ మాట చెప్పింది. మాటకు మాట అప్పజెప్పింది, అంతే. ఇలా చెయ్యమని గానీ, అలా అడగమని గానీ అనలేదు.

నాయన చదువుతున్న పుస్తకం మూశారు. "చెయ్యెత్తి మాటిచ్చిన, పంపిన కాడికి పోతనని. నాకు ఈ ఊరే కావాలె అని అడిగిననంటే అది సేవ కాదు, నౌకరి. దేవుడున్నడు."

అమ్మ చిక్కుడుకాయలు కడగడానికి లేచిపోయింది.

నా సంగతి వేరు. పుట్టబోయే బిడ్డ నాకు తమ్ముడో చెల్లెలో కాదు, జట్టు. ఎన్ని ఊళ్లు మారినా నాతోపాటు బండెక్కే జట్టు. ఉత్తరాలు రాయాల్సిన పనిలేని జట్టు. అమ్మ మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు నేను పక్కన చేరి, కడుపు దగ్గర నోరు పెట్టి ఆబిడ్స్ అంతా చెప్పేదాన్ని. ఏ జట్కా గుర్రం కరుస్తుందో, ఏ ఆయా చెవి మెలిపెడుతుందో, బాగే ఆమ్ తోటలో చింతచెట్లు ఎక్కడున్నాయో. "దానికి చెవులొచ్చినయో లేదో, గప్పుడే చాడీలు మొదలు పెట్టినవా?" అని అమ్మ నవ్వేది.

ఆ ఏడు కాన్ఫరెన్సు మా గుడిలోనే జరిగింది. బడి గదుల్లో గడ్డి పరిచి పాస్టర్లకు బస ఇచ్చారు. ఆవరణలో మూడు రాళ్ల పొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద డేగిసాల్లో బగారన్నం, దాల్చా వండారు. లవంగాల వాసన గుడిలోకి కొడుతుంటే ప్రసంగం ఎవరికెక్కుతుంది? మా సంఘం వంటవాళ్లు దొరలకు సెలవు చెప్పి వచ్చి, గరిటెలు పట్టుకొని రాజుల్లా తిరిగారు.

వచ్చినవాళ్లలో బక్కపల్చని పాస్టరు ఒకాయన ఉన్నాడు. చెప్పుల తోలు తెగితే నారతో కట్టుకున్నాడు. నన్ను చూసినప్పుడల్లా జేబులోంచి వేయించిన పల్లీలు తీసి ఇచ్చేవాడు. నన్ను చూసి ఆట ఆపని మనిషి ఆ ఊళ్లో ఆయనొక్కడే.

"మీ ఊళ్లె బడి మంచిదా బిడ్డా?" అని అడిగాడు ఒక పొద్దున.

"మంచిదే. పంతులమ్మ కొడుతది."

"కొట్టినా మంచిదే. మా పిల్లలకు కొట్టెటందుకు కూడ బడి లేదు. పన్నెండేండ్ల సంది పల్లెలల్లనే తిరుగుతున్న. ఈసారన్న దేవుడు పట్నం ఇస్తడేమో చూడాలె."

ఆయన అడిగింది బిషప్‌ను కాదు, దేవుణ్ణి. నేను మాత్రం బిషప్‌నే అడగాలని అప్పటికే అనుకున్నాను. ఆయనిచ్చిన పల్లీలు నములుతూనే అనుకున్నాను.

జాబితా చదవడానికి ముందురోజు మధ్యాహ్నం అమ్మ చేసిన గరిజలు నాలుగు పళ్లెంలో పెట్టుకొని, మీద తువ్వాల కప్పుకొని బిషప్ దిగిన మిషన్ బంగళాకు పోయాను. బిషప్ దొరగారు వరండాలో ఒక్కరే కుర్చీలో కూర్చొని కాగితాలు చూసుకుంటున్నారు. నాకు ఇంగ్లీషు రాదు, ఆయనకు తెలుగు రాదు. ఆబిడ్స్‌లో జట్కావాళ్ల దగ్గర నేర్చుకున్న హిందుస్తానీ ఉంది కదా, అది ఆయనకూ కొంచెం వచ్చు, దాంట్లోనే చెప్పాను. మా అమ్మకు ఇద్దరు బిడ్డలు పోయారని, ఈసారి డాక్టరమ్మ ఇక్కడే ఉండమందని, మమ్మల్ని పంపించొద్దని. చెప్పడం అయ్యేసరికి ఏడుపొచ్చింది. ఆయన కళ్లద్దాలు తీసి నన్ను చూశారు. తలమీద చెయ్యి పెట్టి, ఒక పిప్పరమెంటు ఇచ్చారు. గరిజలు కూడా తిన్నారు.

మర్నాడు గుడి కిక్కిరిసిపోయింది. ఆడవాళ్ల వైపు పాస్టరమ్మలందరూ ఒక్కచోట చేరి కూర్చున్నారు. కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని, కళ్లు మాత్రం బిషప్ చేతిలోని కాగితం మీద. ఊరి పేరు, వెంటనే పాస్టరు పేరు. ఒక్కో పేరుకు ఒకామె తల దించుకునేది, ఒకామె ఊపిరి వదిలేది. మా గుడి పేరు వచ్చింది. తర్వాత మా నాయన పేరు. అమ్మ నా చెయ్యి పట్టుకొని వేళ్లు విరిగేలా నొక్కింది. మరికాసేపటికి, రైలు దిగి ఎడ్లబండిలో ఒక పగలంతా పోవాల్సిన ఊరి పేరు చదివారు. దానికి బక్క పాస్టరు పేరు. ఆయన తలూపి, చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. నేను చూపు తిప్పేసుకున్నాను. ఆవరణంతా పరుగులు పెట్టాను ఆ తర్వాత. మా చెల్లెలో తమ్ముడో బతుకుతుంది, ఇంకేం కావాలి నాకు!

చాయ్ దగ్గర బిషప్ దొరగారు నాయన భుజం తట్టి నవ్వుతూ ఏదో అన్నారు. ఆయన వేలు నా వైపు తిరిగింది. నాయన ముఖం చూసి నా చేతిలోని బిస్కెట్ కింద పడిపోయింది.

ఇంటికి వచ్చి నాయన తలుపు దగ్గరే నిలబడ్డారు. కేకలు వెయ్యలేదు. నేను వంటింటి తలుపు వెనక ఉన్నాను.

"పిల్లను నువ్వు పంపినవా, దొర దగ్గరికి?"

అమ్మ నా వైపు చూసింది. నా ముఖంలో అంతా రాసే ఉండి ఉంటుంది. నాయన వైపు తిరిగి చెప్పింది.

"ఔ. నేనే పంపిన."

నేను నోరు తెరిస్తే అయిపోయేది. తెరవలేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని పేరు, ఆ ఒక్క రోజు మాత్రం నానింది.

"నాకు అడిగెటందుకు పిల్ల ఉన్నది గాబట్టి పట్నం" అన్నారు నాయన. "ఆయనకు అడిగెటోళ్లు లేరు గాబట్టి అడివి. పన్నెండేండ్లు అడివిల ఉన్నడాయన. ఇది నాకెట్ల మింగుడు పడుతది?"

"మీ ఇష్టం" అంది అమ్మ.

మర్నాడు పొద్దున బిషప్ దొరగారు నాంపల్లిలో రైలెక్కుతారు. నాయన తెల్లచొక్కా వేసుకొని స్టేషన్‌కు నడిచి వెళ్లారు. తిరిగి వచ్చేసరికి ఎండ ఎక్కింది. "ఆయన బదులు మనమే పోతున్నం" అన్నారు. అమ్మ వాకిట్లో తీగ మీద ఆరేసిన బట్టలు తీసి, ఒక్కొక్కటే మడతపెట్టి పెట్టెలో సర్దింది. ఆ మడతలు చూస్తూ నిలబడ్డాను నేను. చెప్పాలి చెప్పాలి అనుకుంటూనే ఉన్నాను. మేము రైలెక్కే రోజు బక్క పాస్టరు స్టేషన్‌కు వచ్చి నాయన రెండు చేతులూ పట్టుకొని ఏడ్చాడు. నాయన చేసినంత మంచిపని చేసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. అంత కోపమూ నాకు మళ్లీ ఎవరి మీదా రాలేదు.

ఆ పల్లెలో నెల తిరక్కుండానే అమ్మకు నొప్పులు వచ్చాయి. నాయన ఊళ్లు తిరగడానికి పోయారు, ఆయన కింద పద్నాలుగు పల్లెలు ఉండేవి. మనిషిని పంపితే ఆయన ఏ ఊళ్లో ఉన్నారో దొరకలేదు. ఆడపిల్ల పుట్టింది. గుప్పెడంత ఉంది. ఒక పగలు, ఒక రాత్రి బతికింది. నేను ఒళ్లో పెట్టుకొని, చెప్పకుండా మిగిలిపోయిన ఆబిడ్స్ సంగతులన్నీ చెప్పాను. అది ఒకసారి ఆవలించింది. నాయన వచ్చేసరికి సంఘపెద్దలు పూడ్చేసి రెండు రోజులైంది. ఆయన పోయి ఆ మట్టి దగ్గర మోకాళ్ల మీద కూర్చొని, చాలాసేపు ప్రార్థన చేసుకొని వచ్చారు. అమ్మను ఏమీ అడగలేదు. అమ్మ కూడా ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఇంటికి కావాల్సినంత మాట్లాడుకునేవారు, అంతకు మించి ఒక్క మాట కాదు.

పై ఏడు నన్ను చదువుకని పట్నంలో మిషన్ బోర్డింగులో వేశారు. అలా ఆబిడ్స్ నాకు దక్కింది! ఆదివారం మధ్యాహ్నం బోర్డింగు పిల్లల వరసలో ఆ గుడిలోనే, ఆ చాపల మీదే కూర్చునేదాన్ని. బక్క పాస్టరు ప్రసంగం చేసేవాడు. ముందు వరసలో ఆయన పిల్లలు, బడికి పోయే పిల్లల్లాగే ఒకరినొకరు గిచ్చుకుంటూ. ఆయన మంచివాడు, ఎప్పుడూ పల్లీలు ఇచ్చేవాడు. పుచ్చుకొని, బోర్డింగుకు పోయాక ఎవరికో ఇచ్చేసేదాన్ని.

ఏళ్లు గడిచాయి. నేను పంతులమ్మనయ్యాను, పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయింది. నాయన రిటైరై హిమాయత్‌నగర్‌లో నా కిరాయి ఇంటికి వచ్చారు. అప్పటికి ఆయన చెవులు మందగించాయి. ఒక సెలవురోజు మధ్యాహ్నం ఇద్దరం వరండాలో కూర్చున్నాం. ఏ ముచ్చటా లేకుండానే అనేశాను.

"నాయనా, ఆనాడు బిషప్ దొర దగ్గరికి అమ్మ నన్ను పంపలే. నేనే పోయిన."

"ఎరికే" అన్నారు.

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆ రోజే ఎరిక. పెండ్లయిన కాడి నుంచి మీ అమ్మ నన్నే ఏది అడగలే. ఇంకొకల్లను ఎట్ల అడగమంటది?"

"ఎరికుండి ఎందుకు పోయినవు మరి?"

ఆయన రోడ్డు వైపు తిరిగారు. "దేవునికిచ్చిన మాట అనుకున్న బిడ్డా. సగం నా పంతమే. గది తెలుసుకునెటందుకు ఇన్నేండ్లు పట్టింది."

నాకు ఆయన మీద కోపం రావాలి. రాలేదు. ముసలాయన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకొని కూర్చున్నారు. ఆ చేతులతో ఎన్ని ఊళ్లలో ఎందరు తల్లుల దగ్గర పసిబిడ్డల్ని అందుకున్నారో. బాప్తిస్మం నీళ్లు చల్లే ముందు ప్రతి తల్లినీ ఆయన అడిగే మాట ఒకటి ఉంది. ఆ మాట మా ఇంట్లో అడగనే లేదు. ఆ రోజు నా వైపు చూడకుండా అడిగారు.

"ఆ బిడ్డకు మీ అమ్మ పేరేమన్న పెట్టిందా?"

"పెట్టింది."

"ఏం పేరు?"

చెప్పాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని ముందుకు వంగారు.

"వినరాలే. ఇంకోసారి చెప్పు బిడ్డా."

ఈసారి గట్టిగా, వీధి చివరిదాకా వినిపించేంత గట్టిగా చెప్పాను. మా చెల్లెల్ని పేరు పెట్టి పిలవడం నాకదే మొదటిసారి.